పల్లంలో ఇంజను ఆపను

నాకు కార్ల పిచ్చి ఉందని చెప్పుకోవడానికి నేనెన్నడూ సిగ్గుపడలేదు. సిగ్గుపడమని చెప్పినవాళ్లు మాత్రం బోలెడుమంది. ఆడపిల్లకు చీరల పిచ్చి ఉండొచ్చు, నగల పిచ్చి ఉండొచ్చు, రేడియోలో పాటల పిచ్చి ఉన్నా నవ్వి ఊరుకుంటారు. కార్ల పిచ్చి అనేసరికి ఎగాదిగా చూస్తారు. అదీ పెండ్లిళ్లకూ పేరంటాలకూ పోవడానికి కావలసిన కారు కాదు. పొడుగాటి బానెట్టు, దాని కింద నిండైన ఇంజను, తొక్కితే వీపు సీటుకు అంటుకుపోయే కారు. అట్లాంటిది నీకెందుకు అనేవాళ్లు. ఎందుకంటే కావాలి గనుక. ఇంతకు మించిన జవాబు నా దగ్గర అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మా నాయిన సూర్యాపేట బస్టాండు ముందర అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే బండ్లన్నీ మా ఊళ్లో చాయ్‌కి ఆగేవి. బడి వదలగానే నేను ఇంటికి పోకుండా టాక్సీ స్టాండుకు పోయి, ఏ బండి వచ్చింది, ఏ బండి పోయింది అని చూస్తూ కూర్చునేదాన్ని. కనబడకముందే చప్పుడును బట్టి ఏ కారో చెప్పేదాన్ని. స్టాండులో డ్రైవర్లు నన్ను ‘కార్ల పంతులమ్మ’ అని ఏడిపించేవాళ్లు. ఏడిపిస్తూనే, ఎప్పుడూ చూడని బండి ఏదైనా వస్తే నాకోసం కబురు పెట్టేవాళ్లు.

నాయిన అంబాసిడర్ పుట్టుకతో పెట్రోలు బండి. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడే దాని ఇంజను పీకించి డీజిల్ ఇంజను పెట్టించాడు. ఆ రోజుల్లో మా దిక్కు అందరూ చేసే పనే అది. ఎవరు పెట్రోలు కారు కొన్నా మొదట కోదాడలో ఉన్న షెడ్డుకు తోలుకుపోయేవాళ్లు. అక్కడి మేస్త్రి గొలుసుల కప్పీతో పాత ఇంజనును పైకి లాగి, డీజిల్ ఇంజనును కిందికి దించేవాడు. ఖర్చు సగానికి సగం తగ్గేది. దాంతోపాటు కారులో కారుతనం కూడా పోయేది. మా అంబాసిడర్ స్టార్టు చేస్తే తలుపులు, అద్దాలు, కూర్చున్నవాళ్ల పళ్లు అన్నీ కలిసి వణికేవి.

అది చాలదన్నట్టు ఇంకో అలవాటు ఉండేది. పల్లం కనబడితే చాలు, నాయిన గేరును న్యూట్రల్ చేసి తాళంచెవి తిప్పి ఇంజను ఆపేసేవాడు. బండి చప్పుడు లేకుండా జారిపోయేది. సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఏ పల్లంలో ఎక్కడ ఆపితే ఎక్కడిదాకా జారుతుందో ఆయన చేతికి తెలుసు. స్టాండులో అందరూ అంతే. లోకంలో కార్లవాళ్లు ఎంత వేగంగా పోయామో చెప్పుకుంటారు. మా వాళ్లు చాయ్ తాగుతూ, ఇంజను లేకుండా ఎంత దూరం పోయామో చెప్పుకునేవాళ్లు. “మునగాల పల్లంల ఆపిన. కల్వర్టు దాటి, తుమ్మచెట్టు కాడిదాక ఒచ్చింది” అని నాయిన అంటే మిగతావాళ్లు మెచ్చుకోలుగా తలలూపేవాళ్లు. ఆ మిగిలిన డీజిల్‌తోనే మా ఇంట్లో పొయ్యి వెలిగిందని, నా ఫీజులు కట్టారని నాకు తెలుసు. తెలిసినా ఆ నిశ్శబ్దం నాకు నచ్చేది కాదు.

ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఎండాకాలం మధ్యాహ్నం స్టాండు నుంచి కబురొచ్చింది. పరుగెత్తాను. ఎర్రటి విదేశీ కారు ఒకటి, నీళ్లు మరిగి, ఆవిరి కక్కుతూ రోడ్డు పక్కన ఆగి ఉంది. పాతది. ఎండకు రంగు వెలిసింది. తలుపులు రెండే. బానెట్టు ఎంత పొడుగంటే మా అమ్మ దాని మీద ఒక చీర పరిచి వడియాలు పెట్టుకోవచ్చు. దాన్ని నడుపుకుంటూ వచ్చిన పెద్దమనిషి విజయవాడకు పోతున్నాడట. చల్లారినాక నాయినే రేడియేటరులో నీళ్లు పోశాడు. ఆ పెద్దమనిషి స్టార్టు చేశాడు.

ఆ చప్పుడు నేను చెవులతో వినలేదు, కాళ్ల కింది నుంచి విన్నాను. బండి నిలబడ్డ చోటే ఆయన ఒక్కసారి యాక్సిలరేటరు తొక్కితే కారు మొత్తం ఒక పక్కకు ఒరిగి మళ్లీ సర్దుకుంది. చాయ్ గ్లాసులు చేతుల్లో పెట్టుకొని నిలబడ్డ డ్రైవర్లు తాగడం మరిచిపోయారు. “ఎనిమిది సిలిండర్లు” అన్నాడు ఆ పెద్దమనిషి, నా మొహం చూసి నవ్వుతూ. కారు వెళ్లిపోయింది.

“ఎనిమిది సిలిండర్లంటే ఎనిమిది నోర్లు. గంత మందిని ఎవడు మేపాలె?” అన్నాడు నాయిన.

నేను మేపుతా అనుకున్నాను.

నాకు కారు నడపడం నాయినే నేర్పాడు. నేర్పాలని కాదు. చలికాలం పొద్దున్నే ఆ డీజిల్ బండి ఒక పట్టాన స్టార్టు అయ్యేది కాదు. ఆయన వెనక నుంచి తోస్తే లోపల కూర్చొని రెండో గేరులో క్లచ్చు వదలడానికి ఒక మనిషి కావాలి. అమ్మకు భయం. అందుకని నేను. అలా స్టార్టు చేయడం మొదట వచ్చింది, తర్వాత ఆపడం వచ్చింది, బేరాలు లేని రోజుల్లో మార్కెట్ యార్డు మైదానంలో తిప్పడం వచ్చింది. నాకు లైసెన్సు వచ్చిన రోజు నాయిన స్టాండులో అందరికీ చాయ్ పోయించాడు. ఆ సంతోషాన్ని నేను మర్చిపోలేదు. తర్వాత మా మధ్య జరిగినదంతా చెప్పే ముందు ఇది చెప్పడం న్యాయం.

డిగ్రీ అయినాక నాకు మిర్యాలగూడలో కరెంటు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. అక్కడే కిరాయికి గది తీసుకొని, ఆదివారాలు బస్సులో ఇంటికి వచ్చేదాన్ని. మిర్యాలగూడ అంటే రైసుమిల్లుల ఊరు. ఒకసారి ఆఫీసు పని మీద ఒక మిల్లుకు పోతే, వెనక షెడ్డులో వడ్ల బస్తాల పక్కన, ఊక దుమ్ము కింద ఏదో పొడుగ్గా కనబడింది. దగ్గరికి పోయి చేత్తో తుడిచాను. తెల్ల కాంటెస్సా. ఆ రోజుల్లో మన దేశంలో తయారైన కార్లలో నా కలకు దగ్గరగా వచ్చే కారు అదొక్కటే. పొడుగాటి బానెట్టు, వెడల్పాటి నడుము, ఐదు గేర్లు. వెనక సీటులో ఒక కోడి గుడ్లు పొదుగుతోంది.

“గది పెట్రోల్ బండమ్మా. తాగుడెక్కువ. మావోడు కొత్త చిన్న కారు తీసుకున్నడు. దీన్ని ఎవడు కొంటలేడు” అన్నాడు మిల్లు యజమాని.

“నేను కొంటాను” అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపాడు. కోడి పిల్లలు చేసినాక బండి తీసుకుపొమ్మన్నాడు. తీసుకుపోయాను. అప్పటిదాకా దాచుకున్నదంతా దానికే అయిపోయింది. బుద్ధి ఉన్నవాళ్లు ఆ డబ్బుతో ప్లాటు కొనేవాళ్లని ఆఫీసులో అందరూ చెప్పారు. ప్లాటును తొక్కితే పరుగెత్తుతుందా అని అడిగాను. ఆ తర్వాత నాకు సలహాలు చెప్పడం కొంచెం తగ్గింది.

ఇంటికి తెచ్చిన రోజు వాడకట్టంతా వచ్చి చూసింది. అమ్మ హారతిచ్చింది. నాయిన చుట్టూ తిరిగాడు, టైర్లు తట్టాడు, బానెట్టు ఎత్తి చాలాసేపు చూశాడు. నాకు ఆత్రం ఆగలేదు. ఆయన ఏమంటాడోనని కాదు, ఆ ఇంజను చప్పుడు ఆయన ఎప్పుడు వింటాడోనని. ఒక్కసారి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకొని, ఆ కోదాడ రోడ్డు మీదనే, ఇంజను ఆపకుండా తీసుకుపోవాలని నా ఆశ. నిజం చెప్పాలంటే కారు కొన్నది సగం అందుకే.

“బండి మంచిదే. కోదాడ మేస్త్రికి చెప్త. డీజిల్ పెట్టిద్దాం” అన్నాడు.

“వద్దు నాయినా.”

“మనసొంటోళ్లకు పెట్రోల్ బండి ఏందే? నీ జీతమంత బంకోనికే పోస్తవా?”

“నా జీతం నా ఇష్టం. ఇంజను పీకితే ఇగ అది కాంటెస్సా కాదు.”

“అయితే డీజిల్ పెట్టేదాక నేను నీ బండిల కూసోను.”

మొండితనం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు వాడకట్టంతటికీ తెలిసింది. అన్నంత పనీ చేశాడు. నేను మిర్యాలగూడ నుంచి కారులో వస్తే, అమ్మను ఎక్కించుకొని మార్కెట్టుకు పోతే, ఆయన మాత్రం నడిచి వచ్చేవాడు. దసరా ఆయుధపూజ నాడు తన అంబాసిడర్‌కు పసుపు కుంకుమలు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, పక్కనే ఉన్న నా కారు వంక చూడనట్టు పోయాడు. నా నిమ్మకాయలు నేనే పెట్టుకున్నాను, నేనే తొక్కించాను. ఆడమనిషి తొక్కిస్తే కలిసిరాదని పక్కింటామె గొణిగింది. నీ కొడుకు కలిసొచ్చేటట్టు తొక్కించిన స్కూటర్ మొన్ననే కాలువలో పడింది కదా అన్నాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. నాకైతే కడుపు చల్లబడింది.

కొన్నాళ్లకు కొత్త రకం చిన్న కార్లు వరసగా వచ్చాయి. స్టాండుకు బేరాలు తగ్గాయి. నాయిన బండికి వయసు మీదపడింది. ఒక రోజు ఇంటికి వస్తే వాకిట్లో అంబాసిడర్ లేదు. పాత ఇనుము కింద అమ్మేశాడని అమ్మ చెప్పింది. ఆ ఖాళీ జాగా చూసి నాకు ఏడుపొచ్చింది. నాయిన మాత్రం ఎప్పుడూ లేనంత హుషారుగా ఉన్నాడు.

“డొక్కు అమ్మిన. ఇంజన్ అమ్మలే. కోదాడ షెడ్ల పెట్టిన. మేస్త్రితోని మొత్తం ఇప్పించి సాఫ్ జేయించిన. గది నీ బండికి బిడ్డా. నా పైసలతోనే బిగిపిస్త” అన్నాడు.

వాదించేవాళ్లతో వాదించగలను. తిట్టేవాళ్లను తిరిగి తిట్టగలను. బతుకంతా మాకు అన్నం పెట్టిన ఇంజనును తెచ్చి చేతుల్లో పెట్టి, తీసుకో అంటే ఏమనాలి? వద్దు అన్నాను. అయినా అన్నాను. “వచ్చి ఒక్కసారి సూడు. సూసినంక చెప్పు” అన్నాడు. చూడడానికి ఒప్పుకున్నాను. ఆయన దాన్ని పెట్టించుకోవడానికి ఒప్పుకున్నట్టే లెక్క వేసుకున్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే కోదాడకు బయలుదేరాం. తాళంచెవి ఆయనే అడిగాడు. ప్యాసింజరుగా కూర్చోనన్నాడు గానీ డ్రైవరుగా కూర్చోననలేదట. ఇచ్చాను. నేను పక్క సీటులో కూర్చున్నాను. ఊరు దాటినాక కూడా ఆయన వేగం నలభై దాటనివ్వలేదు. పందెపు గిత్తను బండెడు గడ్డికి కట్టినట్టుంది. పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను.

మునగాల పల్లం వచ్చింది. అప్పుడు మాత్రం బండిని కొంచెం వేగం అందుకోనిచ్చి, గేరును న్యూట్రల్ చేసి, అలవాటు చొప్పున తాళంచెవి తిప్పేశాడు. ఇంజను ఆగిపోయింది. మళ్లీ అదే నిశ్శబ్దం, అదే గాలి. “సూడు, ఎంత దూరం పోతదో” అన్నాడు, చిన్నపిల్లవాడిలా మెరిసిపోతూ.

“ఆపకు నాయినా, ఈ బండికి ఇంజను ఆగితే బ్రేకు పడదు” అన్నాను. అంబాసిడర్ బ్రేకు కాలి బలంతో పడేది. ఇంజను నడుస్తుందా లేదా అని దానికి పట్టింపు లేదు. కాంటెస్సా బ్రేకుకు ఇంజను సాయం కావాలి. నేను బండి కడుగుతూ, ఇంజను ఆగి ఉండగా తొక్కి చూసినదాన్ని. ఆయన నా మాట చెవిన పెట్టలేదు.

కింద కల్వర్టు దగ్గర గొర్ల మంద రోడ్డు మీదికి వచ్చింది. నాయిన బ్రేకు తొక్కాడు. మొదటిసారి పడింది. వదిలి మళ్లీ తొక్కాడు. సగం పడింది. మూడోసారి పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. ఆయన సీటులోంచి లేచి నిలబడ్డంత పని చేసి తొక్కుతున్నా బండి జారుతూనే ఉంది. ముందర గొర్లు, మధ్యలో కర్ర పట్టుకొని కాపరి. నాయిన మొహంలో రక్తం లేదు.

నేను చెయ్యి చాపి తాళంచెవి తిప్పాను. కాంటెస్సా ఒక్క తిప్పుకే అందుకుంది. పెడల్ దిగింది. టైర్లు కీచుమని, బండి ముక్కు కిందికి వంగి, చివరి గొర్రెకు చెయ్యెడు దూరంలో ఆగింది.

“కండ్లు నెత్తికెక్కినయా? పానాలు తీస్తరా?” అని కాపరి అరిచాడు. అతని తిట్లన్నీ న్యాయమైనవే. గొర్లు దాటిపోయినాక నాయిన దిగాడు. బండి చుట్టూ తిరిగి నా వైపు వచ్చి తలుపు తీశాడు. “నువ్వు తోలు” అన్నాడు. అంతే. కోదాడ దాకా నేనే తోలాను.

షెడ్డులో మేస్త్రి తయారుగా ఉన్నాడు. కప్పీ గొలుసులు దిగి ఉన్నాయి. “తీసుకొచ్చావా అమ్మా? సాయంత్రానికల్లా ఇచ్చేస్తాను” అన్నాడు తన కోదాడ మాటలో. ఇటుకల మీద ఇంజను ఉంది. నేను దాన్ని ఎప్పుడూ నూనె మరకలు లేకుండా చూడలేదు. నాయిన దానికి వెండి రంగు వేయించాడు. మూలకు చిన్న కుంకుమ బొట్టు పెట్టాడు. మేస్త్రి, నాయిన ఇద్దరూ నా వంక చూస్తున్నారు.

నేను వంగి ఆ బొట్టును దగ్గరగా చూశాను. సరే అని ఒక్క మాటంటే ఆయన బతుకంతా గెలిచినట్టయ్యేది. నేను అనలేదు. “దీన్ని నా బండికి పెట్టను నాయినా” అన్నాను. “నువ్వు పల్లం పల్లానికి ఇంజన్ ఆపుకుంట నన్ను సదివించినవ్. నేను ఆపకుండ తోలనీకే సదువుకున్న.”

మేస్త్రి గొలుసు వదిలేశాడు. నాయిన ఇంజను దగ్గరికి పోయి ఒకసారి దాని మీద చెయ్యి వేసి, బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడ్డాడు. సూర్యాపేట పోయే బస్సు దూరంగా కనబడుతోంది. ఆయన తువ్వాల సర్దుకొని ముందుకు నడిచాడు. నేను కారు స్టార్టు చేసి, ఆయనకు కొంచెం దూరంలో ఆపి కూర్చున్నాను. రమ్మని పిలవలేదు. హారన్ కొట్టలేదు. పెట్రోలు కాలిపోతున్నా ఇంజను మాత్రం ఆపలేదు.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు “పేట, పేట” అని అరిచాడు. ఎక్కేవాళ్లు ఎక్కారు. బస్సు కదిలిపోయింది. దుమ్ములో నాయిన అక్కడే నిలబడి ఉన్నాడు. తర్వాత వచ్చి పక్క సీటులో కూర్చొని తలుపు వేసుకున్నాడు.

ఆ ఇంజనును తర్వాత హాలియా దిక్కు రైతు ఒకాయన కాలువ నీళ్లు తోడుకోవడానికి కొనుక్కుపోయాడు. నా కారును నాయిన బతికున్నన్ని రోజులు తాగుబోతు బండి అనే పిలిచాడు. ఆయన మారిపోయాడని చెబితే అబద్ధం అవుతుంది. కానీ ఆ రోజు తిరుగు ప్రయాణం మాత్రం నిజం.

పోయేటప్పుడు పల్లమైనది వచ్చేటప్పుడు ఎక్కుడు కదా. మునగాల మిట్ట అది. నిండా మనుషులుంటే మా అంబాసిడర్ అక్కడ మూలుగుతూ, పొగ కక్కుతూ, రెండో గేరులో పాకేది. నడిచిపోయేవాళ్లు మమ్మల్ని దాటిపోయిన రోజులు కూడా ఉన్నాయి. నేను పై గేరులోనే మిట్ట మొదట్లోకి వచ్చాను. నాయిన గేరు రాడ్డు వంక చూశాడు.

“దించవా?”

“అక్కర్లేదు.”

బండి ఎక్కుతోంది. ఇంజను కొంచెం గొంతు పెంచింది, అంతే. వణుకు లేదు. ఆయన కిటికీ అద్దం పూర్తిగా దించి, తల బయటికి పెట్టి కాసేపు విన్నాడు. మిట్ట మధ్యలో, ఎప్పుడూ తన బండి ఆయాసపడే చోట, లోపలికి తిరిగి నా వంక చూడకుండానే అన్నాడు.

“ఇంకింత తొక్కు బిడ్డా. సూస్త.”

తొక్కాను.